ఊరేగింపు ఏ వీధి దాకా వెళ్తుంది? బహిరంగ క్రతువులూ సామాజిక మార్పూ

క్లుప్తంగా

జాతరలు, ఊరేగింపులు, పుష్కరాలు సమాజాన్ని కలుపుతున్నాయా, వెనక్కి లాగుతున్నాయా అన్న వాదన ఏటా వస్తుంది, ఏటా తేలకుండానే పోతుంది. క్రతువు మొత్తాన్ని ఒకే ముద్దగా చూడడమే అందుకు ముఖ్య కారణం. లోపలికి ఎవరు వస్తారు, దారి ఎటు పోతుంది, పని ఎవరు చేస్తారు, డబ్బు ఎవరిది, అయిపోయాక ఏం మిగులుతుంది అన్నవి వేర్వేరు సంగతులు. అవి ఒకేసారి మారవు. గుడి తలుపు విషయంలో చట్టం చాలా దూరం వచ్చింది. వీధి దగ్గర, డప్పు దగ్గర, చెరువు దగ్గర ఇంకా తడబడుతోంది.

ఇంటి దీపం, వీధి పందిరి

ఇంట్లో దీపం పెట్టుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. వీధిలో పందిరి వేయాలంటే రోడ్డు కావాలి, కరెంటు కావాలి, మైకు కావాలి, చందా కావాలి. మోసేవాళ్లు, వాయించేవాళ్లు, తెల్లారాక ఊడ్చేవాళ్లు కావాలి. అంటే భక్తుడు కానివాడి చెవికీ, కాలికీ, జేబుకీ కూడా అందులో పాలు ఉంటుంది. అందుకే రాజ్యాంగం 25వ అధికరణం మతస్వేచ్ఛ ఇస్తూనే దాన్ని శాంతిభద్రతలకు, నైతికతకు, ప్రజారోగ్యానికి, మిగతా ప్రాథమిక హక్కులకు లోబరిచింది. హిందూ దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిచే చట్టాలు చేయవచ్చని అదే అధికరణం చెబుతుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది.

సంప్రదాయం మారదన్న మాట చరిత్ర ముందు నిలవదు. ఇంట్లో జరిగే గణపతి పూజను పెద్ద ఎత్తున వీధిలోకి తెచ్చిన ఘనత తిలక్‌ది. ఆయన పుణెలో సార్వజనిక ఉత్సవానికి ఊపు తెచ్చింది 1893లో. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైంది. బాలాపూర్ లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకు చేరింది. బోనాలు రాష్ట్ర పండగ అయింది 2014లో. క్రతువులు ఎప్పుడూ మారుతూనే ఉన్నాయి. చూడాల్సిందల్లా, వాటిలో ఏ భాగం మారుతోంది, ఎవరి కోసం మారుతోంది అని.

గుడి తలుపు: నూరేళ్ల దారి

1924-25లో కేరళలోని వైకోంలో జరిగిన సత్యాగ్రహం గుడి లోపలికి వెళ్లడానికి కాదు. గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఆ ఒక్క సంగతి చాలు, ఆనాటి మెట్టు ఎంత కిందుందో తెలియడానికి. 1930లో అంబేద్కర్ నాయకత్వంలో నాసిక్ కాలారామ్ మందిరం ముందు సత్యాగ్రహం జరిగింది. 1936 నవంబర్ 12న తిరువాన్కూరు మహారాజు ఆలయ ప్రవేశ ప్రకటన చేశారు. 1939 జులైలో మదురై మీనాక్షి ఆలయంలోకి దళితులు, నాడార్ కులస్థులు అడుగుపెట్టారు. 1947లో మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి.

తరవాతి ముడి 1958లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కర్ణాటకలోని మూల్కి వెంకటరమణ ఆలయం గౌడ సారస్వత బ్రాహ్మణుల సంప్రదాయానికి చెందింది, కాబట్టి ఇతరుల ప్రవేశాన్ని తామే నిర్ణయించుకుంటామని దాని ధర్మకర్తలు వాదించారు. అన్ని వర్గాల ప్రవేశ హక్కే పైచేయి అని కోర్టు తేల్చింది. అయితే కొన్ని ప్రత్యేక సేవలను ఆ సంప్రదాయం వారు తమకే ఉంచుకోవచ్చని కూడా చెప్పింది. ఈ రెండో మాట చాలామంది గమనించరు. గుడి అంటే ఒక్క గడప కాదు. గోపురం, ముఖమంటపం, అంతరాలయం, గర్భగుడి అని ఒకదానిలో ఒకటి ఉంటాయి. బయటి గడప దాటే హక్కు వచ్చినంత మాత్రాన లోపలి వరుసలు కలిసిపోలేదు.

అర్చకత్వం మాటకొస్తే, అర్చకుణ్ణి నియమించడం మతపరమైన పని కాదు, పరిపాలనకు సంబంధించిన పని అని, వంశపారంపర్య హక్కును తీసేయవచ్చని 1972లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు అంది. ఆంధ్రప్రదేశ్ 1987 నాటి దేవాదాయ చట్టంతో మిరాశీ హక్కులను, అంటే వంశపారంపర్య హక్కులను, రద్దు చేసింది. 1996లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. శిక్షణ, అర్హత ఉంటే బ్రాహ్మణేతరుడు కూడా అర్చకుడు కావచ్చని 2002లో కేరళ కేసులో తీర్పు వచ్చింది. 2017లో కేరళలో గుళ్ల నిర్వహణ చూసే తిరువాన్కూరు దేవస్వం బోర్డు 36 మంది బ్రాహ్మణేతరులను అర్చకులుగా ఎంపిక చేసింది, వారిలో ఆరుగురు దళితులు.

తీర్పు వచ్చాక కూడా పని ఎందుకు నెమ్మదిగా సాగుతుంది? చిన్న గుడిలో అర్చకుడి బతుకు జీతం మీద కన్నా హారతి పళ్లెం మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఊళ్లో పెద్ద కుటుంబాలు అర్చనలు, వ్రతాలు మానేసి పక్క ఊరి గుడికి పోతే, కొత్త అర్చకుడికి నియామక పత్రం మిగులుతుంది గాని నెల గడవదు. ఆగమ (గుడి పూజావిధుల) శిక్షణ, నియామకం, జీతం మూడూ ఒకేసారి భద్రంగా ఉంటేనే ఆ మార్పు నిలుస్తుంది. ఒక్క నియామక ఉత్తర్వుతో నిలవదు.

వీధి: పల్లకి ఆగే చోటు

గుడిలోకి భక్తుడు వెళ్తాడు. ఊరేగింపులో దేవుడే భక్తుడి గుమ్మానికి వస్తాడు. అందుకే వివక్ష ఇక్కడ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

పల్లకి ఇంటి ముందు ఆగుతుంది. ఇల్లాలు నీళ్లు వారు పోసి, పళ్లెంలో కొబ్బరికాయ, పసుపు కుంకుమ, పూలు, దక్షిణ పట్టుకుని నిలబడుతుంది. అర్చకుడు ఇంటిపేరూ గోత్రమూ చదివి, కాయ కొట్టి, హారతి ఇచ్చి, ఒక చెక్క తిరిగి పళ్లెంలో పెడతాడు. రెండు మూడు నిమిషాల పని. ఆ కాసేపూ ఆ కుటుంబం ఊరి లెక్కలో ఉన్నట్టు నలుగురి ముందూ రుజువవుతుంది. పల్లకి దళితవాడ మలుపు దగ్గర వెనక్కి తిరిగితే, ఆ వాడ ఊరి లెక్కలో లేనట్టు అంతే బాహాటంగా తేలుతుంది.

వెనక్కి తిప్పడానికి చెప్పే కారణాల్లో కులం పేరు ఉండదు. సందు ఇరుకు, తీగలు కిందికి ఉన్నాయి, ముహూర్తం దాటిపోతుంది, మొదట్నుంచీ ఇదే దారి అంటారు. వరికోత రోజుల్లో ట్రాక్టరు పట్టే సందు పల్లకికి ఇరుకు కాలేదు. ఇంకో పద్ధతి మరింత మెత్తగా ఉంటుంది. వాడ నుంచి చందా తీసుకోరు. పేదవాళ్లు కదా, వద్దులే అంటారు. పైకి దయలా కనిపిస్తుంది. కాని చందా ఇచ్చినవాడికి దారి అడిగే హక్కు ఉంటుంది, పుచ్చుకోకపోతే ఆ హక్కు పుట్టదు. చందా ఇవ్వడానికి వాడవాళ్లు పట్టుబట్టడం డబ్బు సంగతి కాదని తెలియాలంటే ఈ లెక్క అర్థం కావాలి.

చట్టం ఇక్కడికీ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ప్రజలకు తెరిచిన ఆరాధనా స్థలంలోకి రానివ్వకపోవడం, జాతరల్లోనూ మత ఊరేగింపుల్లోనూ పాల్గొనకుండా లేదా ఊరేగింపు తీయకుండా అడ్డుకోవడం నేరాలుగా అందులో విడిగా రాశారు. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా. సాంఘిక బహిష్కరణ విధించడం, చేస్తామని బెదిరించడం కూడా నేరమే.

అయినా కేసులు ఎక్కడ చిక్కుకుంటాయో ఊళ్లు తెలిసినవారికి తెలుసు. ఫిర్యాదు చేయాల్సిన మనిషి కూలికి వెళ్లేది ఎదుటివారి పొలానికే. పెద్దమనుషులు రాజీ కుదురుస్తారు. మరుసటి ఏడాది గొడవలెందుకని ఊరేగింపే మానేస్తారు. అలా మానేసిన నింద కూడా వాడ మీదే పడుతుంది.

దీనికి విరుగుడుగా జరిగిన ప్రయత్నాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. 2007లో తిరుమల తిరుపతి దేవస్థానం దళిత గోవిందం పేరుతో ఉత్సవ విగ్రహాలను దళితవాడలకు తీసుకెళ్లింది. 2018 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ ఆలయ అర్చకులు రంగరాజన్ హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి ఆలయంలో ఒక దళిత భక్తుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని లోపలికి తీసుకెళ్లారు. అంటరాని కులానికి చెందిన వైష్ణవ భక్తకవి తిరుప్పాణ్ ఆళ్వారును శ్రీరంగం అర్చకుడు లోకసారంగ ముని గుడిలోకి మోసుకెళ్లిన కథకు అది పునరావృత్తి. రెండోదాని బలం ఏమిటంటే, సంప్రదాయాన్ని కాదనకుండా దాని లోపలి కథనే సాక్ష్యానికి పిలిచింది. శాస్త్రం ఒప్పుకోదన్న వాదనకు శాస్త్రం చదువుకున్నవారే జవాబిచ్చారు. మొదటిదాని బలం దారిని మార్చడంలో ఉంది. రెండింటికీ ఒకే బలహీనత: ప్రత్యేక సందర్భంగా జరిగినది ప్రత్యేక సందర్భంగానే మిగిలిపోతుంది. ఏటేటా వచ్చే మామూలు ఊరేగింపు దారిలో వాడ చేరినప్పుడే దాన్ని మార్పు అని లెక్కించాలి. ఆ రోజు పత్రికలో ఫొటో కూడా రాదు.

డప్పు, పొలి, గావు: లోపల ఉండీ కింద ఉండడం

గ్రామదేవతల కొలుపుల్లో లెక్క తలకిందులుగా ఉంటుంది. అక్కడ దళితులను బయట పెట్టరు. వారు లేకపోతే జాతరే సాగదు. చాటింపు వేసేది, డప్పు కొట్టేది వారే. బలి అయ్యాక రక్తం కలిపిన అన్నాన్ని రాత్రివేళ పొలిమేర చుట్టూ చల్లే పొలి చాలా ఊళ్లలో వారి పనే. పోతురాజు గావు పట్టడం, అంటే మేకపిల్ల గొంతు కొరికి బలి ఇవ్వడం, కూడా కింది కులాలవారికే వదిలిన పని. ఊరి అరిష్టాన్ని మొయ్యడం, దాన్ని పొలిమేర దాటించడం వీటి వెనక ఉన్న భావం. ఆ అరిష్టాన్ని ఎత్తుకునే మనిషి ముఖ్యుడే, అదే కారణంగా అంటరానివాడు కూడా. చోటు ఇవ్వడం ఒకటి, గౌరవం ఇవ్వడం ఒకటి. పాల్గొనడాన్నే సమానత్వమని లెక్కపెట్టే వాదన తప్పేది ఇక్కడే.

ఈ పనులకు ప్రతిఫలం పాత పద్ధతిలో ధాన్యం, గుడ్డ, బలిమాంసంలో వాటా. ధర ముందుగా మాట్లాడుకునేది కాదు, మానుకునే వీలు కూడా లేదు. హక్కు పేరుతో ఉన్న వెట్టి అది. చదువుకున్న యువకులు డప్పు కొట్టం అని నిలబడ్డ ఊళ్లలో తగవులు వచ్చింది ఇందుకే. ఊరికి అది ఆచారభంగం, వారికి వెట్టి విడుదల. తగవు తీరిన చోట్ల సాధారణంగా తీరిన పద్ధతి ఒకటే. డప్పు బృందాన్ని ఎక్కడివారినైనా రేటు మాట్లాడుకుని, బయానా ఇచ్చి పిలుస్తారు. వాయిద్యం అదే, దరువు అదే. ప్రతిఫలం రూపం మారడంతో విధి కాస్తా వృత్తి అయింది, వద్దనే స్వేచ్ఛ వచ్చింది. డప్పు ఈ రోజు వేదికల మీద, సభల ముందు, కళాబృందాల చేతుల్లో తలెత్తుకుని మోగడానికి ఆ స్వేచ్ఛే పునాది.

బలి విషయంలో చట్టం 1950 నుంచీ ఉంది. గుళ్లలో, వాటి ఆవరణల్లో జంతుబలిని నిషేధించిన మద్రాసు చట్టం ఆంధ్రలో కొనసాగింది. బలి పూర్తిగా ఆగలేదు. గుడి ముందు నుంచి పొలం గట్టుకో, ఇంటి దొడ్డికో మారింది. కొన్నిచోట్ల దున్నపోతు స్థానంలో మేక, మేక స్థానంలో బూడిద గుమ్మడికాయ వచ్చాయి.

మనిషినే అర్పించే ఆచారం దగ్గర ఇలాంటి మెత్తని మార్పులు చాలవు. దేవదాసీ సమర్పణను 1947లో మద్రాసు, 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు నిషేధించాయి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జోగినిగా పిలిచే ఆ బాలిక దాదాపు ఎప్పుడూ దళిత కుటుంబానిదే. జాతరలో ముందు నిలబెట్టి ఆడించడం, ఏడాది పొడవునా ఊరి పెద్దల పాలు చేయడం ఆ ఆచారంలో కలిసి నడిచాయి. తాళి కట్టే తంతు చడీచప్పుడు లేకుండా నిమిషాల్లో అయిపోతుంది కనక నేరం జరిగిన క్షణాన్ని పట్టుకోవడం కష్టం. అలాంటి స్త్రీ పెళ్లి చేసుకుంటే అది చెల్లుతుందని చట్టం చెప్పినా, తిండికీ తలదాచుకోవడానికీ దారి లేకపోతే ఆ మాట కాగితం దాటదు. హేమలతా లవణం, లవణం దంపతులు సంస్కార్ సంస్థ ద్వారా నిజామాబాద్ జిల్లాలో చేసిన పని ఇందుకే విలువైనది. వారు నిషేధాన్ని గుర్తుచేసి ఊరుకోలేదు, పునరావాసం మీద పనిచేశారు.

చెరువులో ఏం మిగులుతుంది

వినాయక నిమజ్జనంలో భక్తికీ పర్యావరణానికీ పోటీ ఉందనుకుంటారు. చిక్కు నిజానికి కాలెండరులో ఉంది. భాద్రపదం అంటే వానాకాలం. పచ్చిమట్టి విగ్రహానికి వెదురు, వరిగడ్డి కట్టి, పొరపొరగా మట్టి మెత్తి, ప్రతి పొరనూ నీడలో ఆరబెట్టాలి. తేమగాలిలో అది రోజులకు రోజులు పడుతుంది, తొందరపడితే బీటలు వారుతుంది. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అయితే అచ్చులో పోసిన అరగంటలోపే గట్టిపడుతుంది. లోపల బోలుగా, కొబ్బరిపీచు దన్నుతో, తేలికగా, ఎంత ఎత్తైనా వస్తుంది. తయారీదారు దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే.

నీళ్లలో పడ్డాక తేడా తెలుస్తుంది. కాల్చని మట్టి గంటల్లో విడిపోయి అడుగున ఒండ్రుగా కూర్చుంటుంది. గట్టిపడిన ప్లాస్టర్ అంటే జిప్సం. అది లీటరు నీటిలో రెండు గ్రాములకు కాస్త ఎక్కువ మాత్రమే కరుగుతుంది. వంద కిలోల ప్లాస్టర్ పూర్తిగా కరగాలంటే సుమారు 50 వేల లీటర్ల నీరు కావాలి, అదీ పైన రంగుపొర లేకపోతే. కరిగిన భాగం కూడా మంచిది కాదు. గాలి అందని చెరువు అడుగున బ్యాక్టీరియా సల్ఫేట్‌ను కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. రంగుల్లో సీసం వంటి లోహాలుంటే అవి బురదలో ఉండిపోతాయి.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో నిమజ్జన మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో సవరించి ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, థర్మకోల్ వద్దంది. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ విగ్రహాల నిమజ్జనాన్ని ఆపింది. పండగ ముంగిట ఏర్పాట్లు లేవన్న కారణంతో సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి అనుమతించింది. లోపం ఎక్కడుందో ఆ ఉదంతమే చూపిస్తుంది. విగ్రహాల పని నెలల ముందే మొదలవుతుంది, ఆంక్ష చివరి వారంలో వస్తుంది. అప్పటికి సరుకు అమ్ముడైపోయి ఉంటుంది. వేసవిలోనే మట్టి, గోదాము, అడ్వాన్సు అందితే తయారీదారుకు నష్టం ఉండదు. పెద్ద విగ్రహానికి మట్టి పనికిరాదన్న మాటకు ఖైరతాబాద్ 2022లో 50 అడుగుల మట్టి విగ్రహంతో జవాబు చెప్పింది.

చప్పుడుకూ లెక్క ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబుల్స్ పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు కుదరదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు ప్రభుత్వం సడలించవచ్చు. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 డెసిబుల్స్ తగ్గుతాయి. ఇరువైపులా మేడలున్న సందులో అంత తగ్గవు. లారీ మీది స్పీకర్లు మైదానంలో కన్నా బస్తీలో ఎక్కువ బాధించేది అందుకే.

రద్దీ: పుణ్యఘడియ ఒకటే, ద్వారాలు కొన్నే

2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు రాజమండ్రి పుష్కరఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. నదికి పొడుగునా రేవులున్నా, ఒక రేవుకు, ఒక ఘడియకు ఎక్కువ మహిమ ఉందన్న నమ్మకం జనాన్ని ఒకచోటికి తెస్తుంది. మీటరు వెడల్పు ద్వారం నుంచి నిమిషానికి 80 మంది దాకా సాఫీగా వెళ్లగలరు. మూడు మీటర్ల గేటుకు నిమిషానికి 240 మంది. వెనక నుంచి అంతకన్నా ఎక్కువమంది వస్తే మిగిలినవారు గేటు ముందే పోగవుతారు. చదరపు మీటరుకు ఆరేడుగురు దాటాక మనిషి తన కాళ్ల మీద తాను నిలబడలేడు, గుంపు అలలా కదులుతుంది. చావులు ఎక్కువగా తొక్కడం వల్ల కాదు, ఛాతీ నలిగి ఊపిరాడక. ముందు ఏం జరుగుతోందో వెనకవారికి తెలియదు. పొట్టివారు, పిల్లలు, వృద్ధులు, స్త్రీలు ముందు బలవుతారు. జనం క్రమశిక్షణ లేక చనిపోయారనడం అన్యాయం.

ఘడియను సాగదీయడం ఒక పరిష్కారం. తిరుమలలో వైకుంఠ ద్వార దర్శనాన్ని 2020 డిసెంబర్ నుంచి పది రోజులకు పెంచారు. ఆచారం చెడలేదు, ఒత్తిడి పది రోజుల మీదికి పంచుకుపోయింది. కాని 2025 జనవరి 8న తిరుపతిలో ఆ దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డవారిలో ఆరుగురు చనిపోయారు. దర్శనాన్ని పది రోజులకు పంచినా టోకెన్ల కోసం జనం ఒక్క రాత్రికే పోగయ్యారు. రద్దీ మాయం కాదు, ఇరుకు ఎక్కడుంటే అక్కడికి చేరుతుంది. కాబట్టి చూడాల్సింది గుడి గేటు ఒక్కటే కాదు, గుడికి వచ్చే వరుసలో అన్నిటికన్నా సన్నని చోటు.

చందా పుస్తకం, అనుమతి కాగితం

దేవాదాయ శాఖ కిందున్న గుడి లెక్కలకు ఆడిట్ ఉంటుంది. వీధి పందిరి కమిటీల్లో చాలావాటికి రిజిస్ట్రేషనే ఉండదు. ఇచ్చినవారి పేర్లు ఫ్లెక్సీ మీద ఉంటాయి, ఖర్చు ఎక్కడా ఉండదు. లెక్క చెప్పని డబ్బు చివరికి ఎక్కువ ఇచ్చినవాడి మాటకు బరువు పెంచుతుంది. పాట ఏది, డీజే ఎంతసేపు, విగ్రహం ఎంత ఎత్తు అన్నవి అలాగే తేలతాయి. జమాఖర్చుల కాగితం పందిరి గుంజకు అంటించిన చోట ఆ బరువు తగ్గుతుంది, వచ్చే ఏడు చందా అడగడమూ తేలికవుతుంది.

ఊరేగింపు దారి కూడా పండగ రోజున తేలేది కాదు. పోలీసుస్టేషన్‌లో ఇచ్చే అనుమతి దరఖాస్తులో నిర్వాహకుల పేర్లు, విగ్రహం ఎత్తు, నిమజ్జనం చేసే చోటుతో పాటు దారి వివరం కూడా రాస్తారు. ఏ ఏ వీధుల పేర్లు అందులో పడాలో కమిటీ కూర్చున్న మొదటి రాత్రే, చందా పుస్తకం తెరిచినప్పుడే, సగం ఖాయమవుతుంది. వాడ పేరు ఆ కాగితంలో ఉంటే పల్లకి అక్కడికి వెళ్లడం అనుమతి పొందిన దారి, అడ్డుకోవడం నేరం. లేకపోతే, పండగనాడు మలుపు దగ్గర నిలబడి దేవుణ్ణి మా వీధికీ తీసుకురండి అని అడిగినవారి మీదే శాంతిభంగం కేసు పడుతుంది.